కచేరి

ఇంగ్లీషు క్లాసులో ఒక మాట ఎదురైంది,
కాన్సర్ట్.
నిఘంటువులో దాని కింద రెండు ముక్కలు.
ఒకటి, కచేరి.
రెండు, కూడబలుక్కొని చేసే పని.

రాత్రి అన్నం కాడ నాయన్ను అడిగినా.
సంగటి ముద్దకు గుంత చేసి
ఊరిమిండి నింపుకుంటా అన్నాడు:
"యా కచేరి?
కళాకారుల పింఛనీకని తాలూకా కచేరికి
పదకొండు మార్లు పొయ్యొచ్చినా.
ఆడ ఫ్యాను ఒకటే వాయిస్తాది.
వినేటోళ్ళు ఎవురూ లేరు."

నాయన నవ్వితే
సన్నాయి పట్టిపట్టి అరిగిన పెదవి
ఒక పక్కకే పోతుంది.

మేం దూదేకులోళ్ళం.
మా జేజినాయన దూది ఏకేటప్పుడు
ఆ నారి మోగేదానిక్కూడా
పేరు పెట్టి పాడేవాడంట.
దూది పోయింది, సన్నాయి మిగిలింది.
దేవళంలో తెల్లవారుజామున నాయనే,
దర్గాలో గంధం రోజునా నాయనే,
పక్కన డోలు ఓబుళేసు చిన్నాయన.
ముప్పై రెండేండ్లు.

పోయినేడు శ్రావణంలో చెడింది.
ఒక పెండ్లి సంచకారం,
ఎనిమిది వందలకు లెక్క తేలలేదు.
ప్రొద్దుటూరు ఆటో స్టాండులో, అందరి ముందర,
చిన్నాయన డోలుపుల్ల నేలకేసి కొట్టినాడు.
నాయన తుండుగుడ్డ దులిపి
భుజాన వేసుకున్నాడు.
మాట ఆగిపోయింది.

మేళం ఎట్లా ఆగుతుంది?
ఒప్పుకున్న పెండ్లిండ్లు ఉన్నాయి.

మైదుకూరు రోడ్డు కల్యాణమండపం.
సుతిపెట్టె కాడ నేను.
ఎనిమిదో యేటి నుంచీ అదే నా చోటు.
అప్పుడు తిత్తి, ఇప్పుడు కరెంటు పెట్టె.
మీట నొక్కాల,
తీగె ఊడకుండా కాలివేలితో తొక్కిపట్టాల.
నాయన తూర్పుకు చూస్తాడు,
చిన్నాయన పడమరకు.
"యా రాగమో మీ నాయన్నడుగు."
"వానికి తెలీదా అని చెప్పు."
జానెడు దూరానికి
నా మీదుగా చుట్టు తిరిగి పోతాయి మాటలు.

అంతలో అయ్యోరు వేలెత్తి ఆడించినాడు.
తాళిబొట్టు.
గట్టిమేళం.
రాగాన్ని నడిమధ్యన తెగ్గోసి
నాయన దూకినాడు.
దూకేసరికే చిన్నాయన ఆడ ఉన్నాడు.
కండ్లు కలపలేదే, ఎట్ల తెలిసింది?
నాయన గాలి పీల్చిన చప్పుడు
విని ఉంటాడు.
ముడి మూడోది పడేటప్పుడు
నాయన గుక్క చాలలేదు,
పై స్వరం వణికింది.
డోలు రవ్వంత ముందే ఎగిరి
ఆ వణుకు మీద పడింది,
నిద్రలో తొలిగిన దుప్పటిని
ఎవరో లేచి సర్దిపోయినట్టు.

అక్షింతలు పడినాయి.
ఆ మూడొందల మందికీ తెలీదు
ఆ మేళానికి మాటల్లేవని.

మరుసటి రోజు మా సారు చెప్పినాడు:
వెనకటికి లాటిన్లో ఆ మాటకు
పోటీపడడం, పోట్లాడడం అని అర్థమంట.
ఇటలీలో అడుగుపెట్టినాకే
ఒప్పుదల అయిందంట.
అందరూ రాసుకున్నారు.
నేను పెన్ను మూత తీయలేదు.
నా కాలివేలు మాత్రం బెంచీ కింద
దేన్నో తొక్కిపట్టుకొని ఉంది.

ఎనిమిది వందలు ఇప్పటికీ తేలలేదు.

నిన్న పొద్దు గూకినాక
చిన్నాయన మా వాకిట్లో నిలబడి
గోడకు చెప్పినాడు:
"ఆదివారం ఖాజీపేటలో పెండ్లి.
జీపు నాలుగున్నరకు."
నాయన లోపల మంచం మీద పండుకొని
పైన రేకులకు చెప్పినాడు:
"సుతిపెట్టె తీగె మార్చాలంట, చెప్పు."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.
చిన్నాయన చెప్పులు తొడుక్కొని
అంగట్లో తీగెలు అమ్మే దిక్కుకు పోయినాడు.